మూడో జాగ

వీరేందర్‌కు ఒక గర్వం ఉండేది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో తమ కంపెనీకి ఇరవై రెండు కంప్యూటర్లుంటే, వాటిలో ఏది ఎవరి మాట వింటుందో తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని. పోనీలెండి, గర్వపడే వయసే. ఇరవై అయిదేళ్లు. షాద్‌నగర్‌లో ఇల్లు, మెడలో నీలం తాడుకు వేలాడే కార్డు, పొద్దున ఆరుంబావుకు సందు చివర వచ్చి ఆగే కంపెనీ బస్సు. కొడుకు బస్సెక్కేదాకా తల్లి భారతమ్మ అరుగు మీద నిలబడి చూసేది. చుట్టుపక్కల వాళ్లు కూడా చూస్తున్నారో లేదో చూసుకునేది. ఆ గర్వం అతన్ని ఎక్కడికి తెచ్చి నిలబెట్టిందో చెబుతాను.

ఆ కంపెనీ పని మందుల పెట్టెల్ని విమానం ఎక్కేదాకా చల్లగా కాపాడటం. వాటిని ఉంచే కోల్డ్ రూంలో వేడి రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. దాటిందంటే కౌంటర్ మీది కంప్యూటర్ చెవులు చిల్లులు పడేలా అలారం మోగిస్తుంది. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ 2012 ఫిబ్రవరిలో కొత్తగా వచ్చింది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించింది వీరేందరే, సిబ్బందిని కూర్చోబెట్టి నేర్పిందీ వీరేందరే.

"ఈ సాఫ్ట్‌వేర్ తెరువంగనే మూడు జాగలల్ల చూస్తది" అని మొదలుపెట్టాడు ఆ రోజు, చేతులు కట్టుకుని పెద్ద లెక్చరర్‌లాగా. "మొదటి జాగ, దాన్ని తయారు చేసినోళ్లు లోపలనే రాసిపెట్టింది. రెండో జాగ, ఈ కంప్యూటర్ మొత్తానికని మన మేనేజర్ మూర్తి సార్ రాయించిన ఫైలు. మూడో జాగ, ఎవరి పేరు మీద కంప్యూటర్ తెరిచినమో వాళ్ల సొంత ఫైలు. మూడిట్ల మూడు తీర్ల రాసి ఉన్నదనుకో, ఆఖరికి చదివిందే నడుస్తది."

కౌంటర్‌లో కూర్చునే సంతోషి చేయెత్తింది. ఆమెది పాలమాకుల. ముప్పై ఏళ్లుంటాయి, కాంట్రాక్టు ఉద్యోగం. ఆ గదిలో పదిమంది ఉంటే నోటుబుక్కు తెచ్చుకుని రాసుకుంటున్నది ఆమె ఒక్కతే.

"అంటే తమ్మీ, సారు రాసిందానికన్న నేను రాసుకున్నదే ఎక్కువనా?"

"ఔ అక్కా. ఇంట్ల దావత్ ఉన్నదనుకో. ఊళ్లె పెద్దలు ఒకటి చెప్తరు, బాపు ఇంకోటి చెప్తడు. ఇగ పొయ్యి కాడ అమ్మ ఏం వండితే అందరు అదే తింటరు. పొయ్యి కాడ ఉన్నోళ్లదే ఆఖరు మాట."

అందరూ నవ్వారు. షెడ్డు ఊడ్చే తారాబాయి అందరికన్నా గట్టిగా నవ్వింది. "మంచిగ చెప్పినవ్ కొడుకా" అంది. వీరేందర్ ఉబ్బిపోయాడు. సంతోషి మాత్రం తల వంచుకుని ఆ మూడు జాగలూ ఒకదాని కింద ఒకటి రాసుకుంది.

ఇంత చక్కగా చెప్పిన మనిషే అంతకు నాలుగు రోజుల ముందు ఒక పని చేశాడు. సాఫ్ట్‌వేర్ ఎక్కించే రోజు కోల్డ్ రూం తలుపు తీస్తూ మూస్తూ ఉండటంతో అలారం ఊరికే మోగి ప్రాణం తీసింది. విసుగొచ్చి, తన పేరు మీదున్న సొంత ఫైల్లో ఒక్క వాక్యం రాసి అలారం నోరు మూయించాడు. అలాంటి ఫైలు పేరు ముందు ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్క ఉన్న ఫైళ్లు మామూలుగా చూస్తే కనబడవు, పనిగట్టుకుని అడిగితేనే బయటికి వస్తాయి. సాయంత్రం దాన్ని తీసేద్దామనుకున్నాడు. సాయంత్రం బస్సుకు టైమైపోయింది. మర్నాటికి ఆ సంగతి బుర్రలోంచే ఎగిరిపోయింది.

మరిచిపోయినా మూడు నెలలు ఏమీ కాలేదు. ఎందుకంటే కౌంటర్ కంప్యూటర్ అతని పేరు మీద తెరిచి ఉండేది కాదు. అందరికీ కలిపి ఒక లాగిన్ ఉండేది. ఒకసారి తెరిచారంటే దాన్ని ఎవరూ మూసేవారు కాదు. డ్యూటీ దిగేవాళ్లు కుర్చీలోంచి లేచేవారు, ఎక్కేవాళ్లు అదే కుర్చీలో కూర్చునేవారు. అది ఆ షెడ్డులో అలవాటు. ఏ నెలకో ఒకసారి కంప్యూటర్ ఆగిపోతే తప్ప పాస్‌వర్డ్‌తో ఎవరికీ అవసరం పడేది కాదు, అందుకని అది మేనేజర్ శ్రీరామమూర్తిగారికి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

మే నెలలో ఒక సోమవారం పొద్దున పదింటికి ఆ కంప్యూటర్ బిగుసుకుపోయింది. మూర్తిగారు ఆ రోజు సెలవు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కౌంటర్ ముందు డ్రైవర్లు కాగితాలు పట్టుకుని వరస కట్టారు. "జర జల్ది చెయ్ తమ్మీ, అందరు లొల్లి చేస్తున్నరు" అని సంతోషి తొందరపెట్టింది. వీరేందర్ కంప్యూటర్ను ఆపి మళ్లీ తెరిచి, తన పేరు, తన పాస్‌వర్డ్ కొట్టి, "ఇగ కూసో అక్కా" అని లేచిపోయాడు.

పదకొండు దాటాక కోల్డ్ రూంను చల్లబరిచే మిషన్ ఆగిపోయింది. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. సంతోషి కౌంటర్ అవతలి చివర డ్రైవర్ల కాగితాలు చూసి ముద్రలు వేస్తోంది. అలారం మోగితే లేవాలి, అదీ ఆమెకు చెప్పిన పని. అలారం మోగలేదు. ఒంటిగంటకు ఎవరో తలుపు తీసేసరికి లోపలి నుంచి వేడిగాలి మొహాన కొట్టింది. అరవై పెట్టెల ఇన్సులిన్ పాడైపోయింది. రోజూ సూది వేసుకుంటేగానీ బతకని మనుషులకు చేరాల్సిన మందు అది.

మూడో రోజు హెడ్డాఫీసు నుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చి మూర్తిగారి గదిలో కూర్చున్నారు. సంతోషిని నిలబెట్టే అడిగారు.

"అలారం మోగలే సార్" అంది ఆమె.

"ఎందుకు మోగలేదు?"

"ఎందుకో నాకెట్ల తెలుస్తది సార్? మోగలే, గంతే."

వీరేందర్‌ను పిలిచారు. అతను రెండో జాగ ఫైలు తెరిచి చూపించాడు. ఎనిమిది దాటితే అలారం మోగాలని శుభ్రంగా రాసి ఉంది. మంగళవారం పొద్దున్నే మూర్తిగారు ఎప్పటి లాగిన్‌తోనే కంప్యూటర్ను మళ్లీ తెరిచి ఉన్నారు కాబట్టి, వాళ్ల ముందే పరీక్షిస్తే అలారం గదంతా దద్దరిల్లేలా మోగింది.

"మరి సోమవారం కూడా మోగే ఉండాలి కదా?" అన్నాడు ఒక ఆఫీసరు.

"మోగి ఉండాలె సార్" అన్నాడు వీరేందర్. నిజంగా అలాగే అనుకున్నాడు, ఆ మాటవరకు అతనిలో కల్మషం లేదు. కానీ ఆ ఒక్క మాటతో సంతోషి అబద్ధాలకోరు అయిపోయింది. మోగిందంటే ఆమె వినలేదు, వినలేదంటే నిద్రపోయింది, లేదా ఫోన్ పట్టుకుని బయటికి పోయింది. లెక్క తేలిపోయిందని ఆఫీసర్లు పెన్నుల మూతలు బిగించారు.

బయట వరండాలో ఆమె అతని కోసం నిలబడి ఉంది. ఏడవలేదు. చేతిలో పాత నోటుబుక్కు.

"తమ్మీ, నువ్వు ఆ దినం మూడు జాగలు చెప్పినవ్ గదా. మూడో జాగ చూసినవా?"

"చూసిన అక్కా. ఏం లేదు" అన్నాడు.

చూడలేదు. కౌంటర్ గుమస్తా తన పనిని తనకే గుర్తుచేసేసరికి ఎక్కడో గుచ్చుకుంది, నోటికి ఆ మాట వచ్చేసింది. ఆమె రెండు క్షణాలు అతని మొహంలోకి చూసి "సరే తమ్మీ" అని వెళ్లిపోయింది. ఆమె అలా నమ్మి వెళ్లిపోయాకే వీరేందర్‌కు ఫిబ్రవరి గుర్తొచ్చింది. సోమవారం పొద్దున తాను కొట్టిన పేరూ గుర్తొచ్చింది.

కౌంటర్ దగ్గర ఎవరూ లేని సమయం చూసి తన పేరు మీద లోపలికి వెళ్లాడు. చుక్క ఉన్న ఫైళ్లన్నీ చూపించమన్నాడు. ఉంది. ఫిబ్రవరి పదిహేడో తేదీతో, ఒకే ఒక్క వాక్యంతో, ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంది.

అప్పుడైనా లేచి పది అడుగులు వేస్తే మూర్తిగారి గది. ఆఫీసర్లు ఇంకా టీ తాగుతూనే ఉన్నారు. పోయి "సార్, తప్పు నాది" అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. అతను చుట్టూ చూశాడు. ఫైలు తీసేశాడు. చేతులు మాత్రం ఆ పనిని తప్పు లేకుండా చేశాయి.

సాయంత్రం బస్సులో సంతోషి ఎప్పుడూ కూర్చునే సీటులో కూర్చుంది. పక్క సీటు తారాబాయిది. తారాబాయి ఆ రోజు తన సంచిని ఆ సీట్లో పెట్టి, తాను వెనక్కి పోయి కూర్చుంది. కాసేపటికి అక్కడినుంచే అందరికీ వినబడేలా అంది.

"ఎండకాలం గద బిడ్డా. చల్లగుంటదని అట్ల కోల్డ్ రూం పక్కకు ఒరిగితే కన్ను మలగదా మరి!"

బస్సు బస్సంతా గొల్లుమంది. వీరేందర్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఎవరైనా అనుమానిస్తారేమోనని నవ్వాడు. ఎంత నీచమో చూడండి, అప్పటికి ఆ ఫైలు తీసేసి నాలుగు గంటలైనా కాలేదు. కిటికీ వైపు తిరిగి ఉన్న సంతోషి మెడ మాత్రం కదల్లేదు. పాలమాకులలో దిగిపోయింది. మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయని అడిగితే, అన్నం తిన్నాడు, పని చేశాడు, జీతం కూడా తీసుకున్నాడు. బస్సు పాలమాకుల స్టేజి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఫోన్ తీసి అందులోకి తల దూర్చేవాడు. అక్కడ ఎవరైనా ఆకుపచ్చ చీర కట్టుకుని కనబడితే ఒళ్లు ముడుచుకుపోయేది. ఇంట్లో భారతమ్మ "ఏంది బిడ్డా, పానం మంచిగ లేదా" అని నుదురు పట్టుకుని చూస్తే, ఆ చేతి కింద తల పెట్టడానికి కూడా సిగ్గేసేది. తనను తాను తిట్టుకునేవాడు. తిట్టుకోవడం వల్ల ఎవరి ఉద్యోగమూ వెనక్కి రాదని తెలిసీ తిట్టుకునేవాడు.

జూన్ మొదటి వారంలో మూర్తిగారు పిలిచారు. ఆయనది భీమవరం వైపు. ఇరవై ఏళ్ల క్రితం ఉద్యోగానికని వచ్చి హైదరాబాద్‌లోనే స్థిరపడ్డ మనిషి. మాట మెత్తన, పని గట్టి.

"ఏవయ్యా వీరేందర్, ఆ రోజు నువ్వు ఫైలు తెరిచి చూపించబట్టి నా పరువు దక్కింది. లేకపోతే రాయించడం మరిచిపోయానని నా నెత్తినే వేసేవాళ్లు. మిగతా ఊళ్లలో షెడ్లకు కూడా పనికొచ్చేలా ఒక పద్ధతి రాసిపెట్టవయ్యా. ఏ ఫైలు ముందు చదువుతుంది, ఏది తర్వాత, తేడా వస్తే ఎక్కడ వెతకాలి. నీ పేరే వేద్దాం దాని మీద."

వీరేందర్ కూర్చుని రాశాడు. మొదటి జాగ రాశాడు. రెండో జాగ రాశాడు. మూడోదానికి వచ్చాడు. "ఇది కనబడదు. కానీ చివరగా చదివేది ఇదే, చెల్లేదీ ఇదే. అలారం మోగకపోతే అందరికన్నా ముందు ఇక్కడ చూడాలి." అంతవరకు రాసి తన వాక్యం తానే చదువుకున్నాడు. వరండాలో నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డ ఆమె అడిగిందీ అచ్చంగా ఇదే. దీని కింద తన పేరు వేస్తారట. కుర్చీలోంచి లేచి బాత్రూంలోకి పోయి మొహం కడుక్కుని, అద్దంలోకి చూడకుండానే తిరిగొచ్చాడు.

తీసేసిన ఫైలు ఎక్కడుందో అతనికి తెలుసు. ప్రతి ఆదివారం కంప్యూటర్లలో ఉన్నదంతా ఇంకో డిస్కులోకి నకలు తీసేది అతనే. ఆ సోమవారానికి ముందటి నకలు తెరిచాడు. ఆ వాక్యాన్ని తేదీతో సహా కాగితం మీద ప్రింటు తీసుకుని మూర్తిగారి ముందు పెట్టాడు.

"ఏమిటిది?"

"సంతోషక్క చెప్పింది నిజం సార్. అలారం మోగలే. నా ఫైలు వల్ల మోగలే."

మూర్తిగారు కాగితం చదివారు. తేదీ చూశారు. "ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"విచారణ దినమే సార్. ఆమె బయట నిలవడి అడిగింది, మూడో జాగ చూసినవా అని. చూసిన అన్న. చూడలే. అటెంక చూసి... తీసేసిన."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కాగితాన్ని మళ్లీ దగ్గరికి లాక్కుని తేదీ మీద వేలు పెట్టారు. కేకలేసినా బాగుండునని వీరేందర్‌కు అనిపించింది.

"మరిచిపోయావంటే నిన్ను నేనే వెనకేసుకొచ్చేవాణ్ణయ్యా. ఎవరు మరిచిపోరు? ఆ తర్వాత ఇన్నాళ్లు నా ఎదురుగా ఎలా తిరిగావయ్యా?" అన్నారు చివరికి. మళ్లీ తనలో తాను అనుకుంటున్నట్టు, "ఆవిణ్ణి తీసేసిన కాగితం మీద సంతకం నాది. ఆవిడ చెప్పేది నిజమేమోనని ఒక్క పూటైనా అనుకోలేదు" అన్నారు.

అన్నీ చకచకా జరిగాయి. వీరేందర్ పర్మనెంట్ మనిషి కాబట్టి రెండు వారాల సస్పెన్షన్, సర్వీసు కాగితాల్లో ఒక మచ్చ. అంతే. చేసినవాడికి రెండు వారాలు, చేయనామెకు ఉద్యోగమే లేకుండా చేశారు, అదీ ఆ కంపెనీ న్యాయం. సంతోషిని తిరిగి రమ్మని ఉత్తరం తయారైంది. పోస్టులో పంపుతామంటే, వీరేందర్ తానే తీసుకెళ్తానన్నాడు. మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టి ఉత్తరం తీసుకున్నాడు.

పాలమాకులలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. "ఎయిర్‌పోర్టుల నిద్రపోయి నౌకరి పోగొట్టుకున్నదే, ఆమెనా?" అని దారి చూపించాడు కిరాణా కొట్టాయన. వీరేందర్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. బస్సులో పుట్టిన మాట ఊళ్లో దాకా దిగిందని అప్పటిదాకా అతనికి తట్టనే లేదు.

సంతోషి గిర్నీలో జొన్నలు పట్టించుకుని పిండి డబ్బాతో అప్పుడే వస్తోంది. అత్త కొండమ్మ గడపలో కూర్చుని ఉంది. వీరేందర్ నిలబడే అంతా చెప్పాడు. ఫిబ్రవరి, సోమవారం, వరండా, తీసేయడం, ఏదీ దాచలేదు. సంతోషి ఉత్తరం విప్పి రెండుసార్లు చదివింది.

"అంటే నేను అడిగిననాడు నువ్వు చూడలే."

"చూడలే అక్కా."

"చూడకనే చూసిన అన్నవ్."

"ఔ."

"నేను నమ్మిన తమ్మీ. నేనే మత్తుల ఉన్ననేమో, నాకే వినవడలేదేమో అని ఇన్ని దినాలు నా చెవుల మీద నాకే అనుమానమొచ్చింది. మా అత్త ఇంటి ఎనకనుంచి పిలుస్తది, నాకు వినవడుతదా లేదా అని చూసుకుంటున్న."

వీరేందర్‌కు భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. "తప్పైంది అక్కా" అన్నాడు. అది ఎంత చిన్న మాటో అన్నాక తెలిసింది.

"సోమవారం నుంచి రమ్మన్నరు. కంపెనీ రాసిచ్చింది గదా అక్కా, నీ తప్పు లేదని" అన్నాడు మళ్లీ.

"ఈ కాయిదం ఎవరు చదువుతరు?" అంది సంతోషి. గొంతు పెంచలేదు. "మీ సారు చదివిండు, నువ్వు చదివినవ్, నేను చదివిన. దుకాణంల ఎవరు చదువుతరు? బస్సుల ఎవరు చదువుతరు? నువ్వే చెప్పినవ్ గదా, పెద్ద ఫైల్ల ఏం రాసినా మూడో జాగల ఉన్నదే నడుస్తదని. నా ఇజ్జత్ బస్సుల పోయింది. ఆడ రాసింది ఆడనే కొట్టెయ్యాలె."

ఆమె ఉత్తరాన్ని మళ్లీ మడతపెట్టింది.

"సోమవారం పొద్దుగాల స్టేజి కాడ నిలవడ్త. బస్సు ఆగినంక తారక్క మొఖం చూస్త. ఆమె పక్క సీటు నాకు ఉన్నదా, ఎక్కుత. సంచి పెట్టుకున్నదా, ఇంటికొస్త. నౌకరి మీ దగ్గరనే ఉంచుకోండ్రి."

కొండమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఎండల వచ్చిండు, నీళ్లియ్యి" అంది కోడలితో. సంతోషి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ నీళ్లు తాగడం అతనికి ఆ ఇంట్లో అన్నింటికన్నా కష్టమైంది.

సోమవారం ఆరుంబావుకు కార్డు లేని మెడతో షాద్‌నగర్‌లో బస్సెక్కాడు. డ్రైవర్ బాలమల్లు చేయి అడ్డం పెట్టాడు. "సస్పెండ్ అయినవట గదా తమ్మీ. కార్డు లేకుంటే ఎట్ల?"

"పాలమాకుల దాక రానీ అన్నా. ఆడ దిగిపోత."

బాలమల్లు అతని మొహం చూసి చేయి తీశాడు. అప్పటికే సగం బస్సు నిండి ఉంది. తారాబాయి కిటికీ పక్కన కూర్చుని ఉంది, పక్క సీట్లో సంచి. వీరేందర్ కూర్చోకుండా ముందు రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. ఊరు దాటగానే చెబుదామనుకున్నాడు. ఊరు దాటింది. నందిగామ వచ్చింది, నలుగురు ఎక్కారు. వాళ్లు కూర్చున్నాక చెబుదామనుకున్నాడు. కూర్చున్నారు. కొత్తూరు రానీ అనుకున్నాడు. కొత్తూరులో ఇంకో ఆరుగురు ఎక్కారు. ఇక పాలమాకుల పది నిమిషాలు. ఎవరో రేడియో పెట్టమన్నారు, బాలమల్లు చేయి చాపాడు.

"అన్నా, జర ఆగు" అన్నాడు వీరేందర్. అందరూ తలెత్తారు.

"ఆ దినం... కోల్డ్ రూం మందుల సంగతి. అది టెక్నికల్ ప్రాబ్లం. లాగిన్‌ల యూజర్ ఫైలు ఒకటి ఉండె, దాని వల్ల సిస్టం ఫైలు పనిచెయ్యలే..."

"మాకేం సమజైతది అట్ల చెప్తే?" అంది తారాబాయి. "సక్కగ చెప్పు."

ఆ ఇంగ్లీషు మాటల వెనక నక్కి తప్పించుకోవాలని చూశాడని అతనికే తెలిసిపోయింది.

"సంతోషక్క నిద్రపోలే. అలారం మోగలే. నేను దాని నోరు మూసి మర్చిపోయిన. ఆమె అడిగితే అబద్ధం చెప్పిన. అటెంక తెలిసినా దాసిపెట్టిన. ఆమె నౌకరి నా వల్ల పోయింది."

వెనక సీటులో ఎవరో "అరె" అని ఆగిపోయారు. తారాబాయి అతన్నే చూస్తోంది. ముసలి కళ్లు చిన్నవి చేసి, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు చూస్తోంది.

"ఆ దినం పొద్దుమూకి నేను బస్సుల ఒక మాట అంటి" అంది మెల్లగా. "కన్ను మలిగిందని. అప్పటికి నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"నువ్వు గూడ నవ్వినవ్ గద కొడుకా. నాకు యాదికున్నది. నీ దిక్కు చూసే నేను ఇంకింత నవ్వితి. సిస్టం పిలగాడే నవ్వుతున్నడంటే నిజమే ఉంటదని."

వీరేందర్ తల వాలిపోయింది. ఇంతవరకు తాను చేసినవన్నీ లెక్కపెట్టుకున్నాడు. మరిచిపోవడం, అబద్ధం, తీసేయడం, దాచడం. ఆ నవ్వు ఒకరు సాక్ష్యంగా దాచుకున్నారని మాత్రం అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి కూడా మొహం చెల్లలేదు.

"నవ్విన" అన్నాడు.

బస్సు వేగం తగ్గింది. పాలమాకుల స్టేజి. రోడ్డు పక్క సంతోషి నిలబడి ఉంది, ఆకుపచ్చ చీర, చేతిలో టిఫిన్ డబ్బా. బస్సు దగ్గరికి రాలేదు. నిలబడ్డ చోటి నుంచే కిటికీలు ఒక్కొక్కటీ చూసుకుంటూ తారాబాయి కిటికీ దగ్గర ఆగింది.

తారాబాయి వెంటనే కదల్లేదు. ఆమెకూ అంత సులువు కాదు, మాట అన్నది ఆమే కదా. తర్వాత సంచిని సీట్లోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఖాళీ అయిన సీటును కొంగుతో ఒకసారి తుడిచింది. కిటికీలోంచి తల బయటపెట్టి "రా బిడ్డా" అంది.

వీరేందర్ ముందు తలుపులోంచి దిగాడు. అదే తలుపులోంచి సంతోషి ఎక్కింది. భుజానికి భుజం తగిలేంత దగ్గరగా దాటిపోయింది. అతని వైపు చూడలేదు. చూస్తానన్నది తారాబాయి మొహం, ఆమె మొహమే చూస్తూ లోపలికి వెళ్లి కూర్చుంది.

బస్సు ఎయిర్‌పోర్టు వైపు వెళ్లిపోయింది. వీరేందర్ ఖాళీ మెడ మీద చేయి పెట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాడు. రోడ్డుకు అవతల కిరాణా కొట్టు అప్పుడే తెరుస్తున్నారు. ఆ రోజు "నిద్రపోయి నౌకరి పోగొట్టుకున్నదే" అంటూ దారి చూపించిన మనిషే తాళం తీస్తున్నాడు. షాద్‌నగర్ పోయే బస్సు ఒకటి వచ్చి ఆగింది. వీరేందర్ దాన్ని పోనిచ్చి, రోడ్డు దాటి కొట్టు వైపు నడిచాడు.